తప్పు మాటల పని

అయోవా సిటీలో, నది కనిపించే మూడో అంతస్తులో
ఇరవై ఆరేళ్లు నాది ఒకటే ఉద్యోగం:
పరీక్షలకు తప్పు మాటలు వెతకడం.
వాక్యంలో ఒక ఖాళీ, కింద నాలుగు మాటలు.
సరైనది ఎవరైనా పెడతారు.
మిగతా మూడే కష్టం.

తప్పు మాట పిలవని పెళ్లికి వచ్చి
పిలిచినట్టే కూర్చోవాలి.
తొందరపడే పిల్ల దాని చెయ్యి పట్టుకోవాలి.
వాక్యం మధ్యలో "అయినా" అన్న చిన్న మలుపు చూసిన పిల్ల మాత్రం
పెన్సిల్ కొరికి, వెనక్కి వచ్చి, వదిలేయాలి.
"పొదుపరి" పక్కన "పిసినారి"ని కూర్చోబెట్టి
ఒక మధ్యాహ్నమంతా మురిసిపోయాను.

మార్చిలో ఎల్డన్ తలలో నెత్తురు గడ్డకట్టింది.
నలభై ఏళ్లు ఊళ్లో పియానోలకు శ్రుతి సరిచేసిన మనిషి
ఇప్పుడు ఉప్పు కావాలంటే మంచు అడుగుతాడు.
నన్ను "కిటికీ" అంటాడు.
స్పీచ్ థెరపిస్టు కార్డులిచ్చింది:
ఒక్కో బొమ్మ కింద నాలుగేసి మాటలు.
చూడగానే నవ్వొచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

నిన్న రాత్రి అన్నాడు,
"నా మంచం కిటికీ దగ్గరికి జరుపు."

గదిలో కిటికీ ఉంది.
అవతలి గోడ పక్కన నా మంచమూ ఉంది.
ఆఫీసులో నేర్పినట్టే
వాక్యాన్ని ఒకసారి ఖాళీతో చదువుకున్నాను,
ఒకసారి మాట పెట్టి.
రెండూ సరిపోయాయి.
రెండు జవాబులున్న ప్రశ్నను
మేం ఎర్ర గీతతో కొట్టేసేవాళ్లం.

లేచి, మంచం కోళ్ల కింద
పాత కంబళి తోశాను.