పదిహేడో దెయ్యం

సాల్మియాలో ఏడో అంతస్తు.
రాత్రి పదకొండు దాటాక దానా వచ్చి నా గది తలుపు కొడుతుంది.
గదంటే
వాషింగ్ మెషీన్ పక్కన నా పరుపు పట్టినంత చోటు.
"రోజీ, రా. ఈరోజుది కొత్తది."

రోజీ నాకు ముందు పనిచేసినామె.
ఆమె వెళ్ళిపోయింది, పేరు ఇక్కడే తిరుగుతోంది.

అక్టోబరంతా రోజుకో దెయ్యం సినిమా అని
పంతం పట్టింది పిల్ల. పద్నాలుగేళ్ళు.
ఒక్కతీ చూడలేదు.
తను సోఫా మీద, నేను కింద తివాచీ మీద.
భయం పెరిగేకొద్దీ
తనే జారి కిందికొస్తుంది.

మాటలు నాకు తెలియవు.
మెట్లు కిర్రుమంటే చాలు, తెలిసిపోతుంది.
నిన్నటి దాంట్లో
వీధి తలుపు దానంతటదే తెరుచుకుంది.
దానా కళ్ళు మూసుకుంది.
నేను రెప్పెయ్యలేదు.
ఎంత బాగా తెరుచుకుందో!

ఇవాళ పదిహేడోది.
నీళ్ళోడే జుట్టుతో ఒకామె
అరలో కప్పులన్నీ నేలకేసి కొట్టింది.
ఈ పెంకులన్నీ ఎవరెత్తాలో, అనుకున్నాను.
"ఆమె పేరేంటి?"
నాకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో అడిగాను.
దానా బొమ్మ ఆపింది. వెనక్కి తిప్పింది. వెతికింది.
"పెట్టలేదు."
ఏసీ హోరు.
కింద సముద్రం పక్క రోడ్డు మీద కార్లు.
"నీది?"
"సత్యవేణి."
"సత్య... ఫేనీ," అని నవ్వి,
"ఫేనీ, ఇంకా పద్నాలుగున్నాయి" అంది.

పొద్దున వంటింట్లోంచి మేడమ్
"రోజీ!" అని కేకేసింది.
పలికాను.
పలికిందెవరా అని
ఒకసారి వెనక్కి చూశాను.