పుత్తూరు కట్టు

కాయ ఇంకా కొమ్మకే ఉండాది,
మా ఆయన గమలియేలే రాలినాడు.
కుడిచెయ్యి, మోచేతి కింద, ఎండుపుల్ల మాదిరి.
ఆ వారం గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
ట్రాక్టర్లు మూడు దినాలుగా వరసలో నిలబడి ఉండాయి.
తోతాపురి ధర కోతకూలికి గూడా చాలలేదని
తోట గుత్తకు తీసుకున్న మునెప్ప
ఐదు నూర్లు నా చేతిలో పెట్టి తల పక్కకు తిప్పుకున్నాడు.
ఆయన్ని ఏమనేది?
ఆయనకూ విరిగిందే, కట్టు కట్టేవాళ్ళు లేరు.

తెల్లారి కార్వేటినగరం బస్సు.
గుంత వచ్చినప్పుడల్లా ఆయన పండ్లు కొరికినాడు,
నేను నీ పేరు పలికినా.
దాన్ని ప్రార్థన అని రాసుకోవద్దు ప్రభువా,
కాలికి రాయి తగిలితే అమ్మా అంటాం చూడు, అట్లాంటిదే.

పుత్తూరులో పెద్దాయన ఎక్స్‌రే అడగలేదు.
కండ్లు మూసుకోని వేళ్ళతో వెతికినాడు,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టెను వెతికినట్టు.
దొరికింది. లాగినాడు.
ఆ కేకకు వరండాలో కూర్చున్నోళ్ళంతా
ఎవరి ఎముకలు వాళ్ళు తడుముకున్నారు.
ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ.
"పదైదు దినాలు. ఊరికూరికే విప్పి చూడొద్దు.
దురద పుడతాది. ఓర్చుకోవల్ల.
లోపల పని జరగతానే ఉంటాది."

పదైదు దినాలంటే
రెండు సంఘం కంతులు, ఒక గ్యాసు బండ,
కెజియా కాలేజీ ఫీజుకు ఆఖరి తేదీ.
డ్వాక్రా మీటింగులో కంతు అడిగితే
"దేవుడుండాడు" అన్నా.
"ఉండాడులేమ్మా, కంతు ఎప్పుడు?" అనింది లీడరమ్మ.
నవ్వినాం ఇద్దరమూ.
నా నవ్వు గొంతులోనే నిలిచిపోయింది.

ఆదివారం మా రేకుల చర్చిలో
అయ్యగారమ్మ పిలిచింది, సాక్ష్యం చెప్పమ్మా సలోమీ అని.
లేచి నిలబడినా. ఫ్యాను తిరగతా ఉండాది.
సాక్ష్యాలన్నీ ఎముక అతుక్కున్నాక చెప్పేవే కదా.
కట్టు లోపల ఏముందో తెలియనప్పుడు చెప్పేది
ఒకటుంటే, అది నాకెవరూ నేర్పలే.
కూర్చున్నా.

ఆ దినమే బల్ల ఆరాధన.
రొట్టెకు ఎడమచెయ్యి చాచాలంటే ఆయనకు మొగమాటం.
చాచి, వెనక్కు తీసి, మళ్ళీ చాచి...
అయ్యగారు కాసేపు చూసినాడు.
తర్వాత వంగి, చంటిబిడ్డకు పెట్టినట్టు
రొట్టెముక్క నోట్లోనే పెట్టినాడు.
నలభై ఆరేండ్ల మనిషి, మీసాలు నెరిసిన మనిషి,
నోరు తెరిచినాడు.

పన్నెండో రాత్రి అలికిడైతే లేచినా.
పొయ్యి దగ్గర కూర్చోని, గరిటె కాడను కట్టులోకి దూర్చి
గీరుకుంటా ఉండాడు. ఒక ముడి అప్పుడే వదులైంది.
తిట్టబోయినా. నోరు రాలేదు.
ఈ పన్నెండు రాత్రులూ నేను చేసింది అదే గదా,
అందరూ పండుకున్నాక నీ ముడులు ఒక్కొక్కటే వదులు చేసి
లోపల ఏం చేస్తా ఉండావో అని తొంగి చూసేది.
పంటితో పట్టి ముడి మళ్ళీ బిగించినా.
గరిటెను అటక మీదికి విసిరేసినా,
ఇద్దరికీ అందకుండా.

పదైదో దినం పెద్దాయన విప్పి, నొక్కి చూసి,
మంచిదని గానీ చెడ్డదని గానీ చెప్పలే.
కొత్త పసరు పూసినాడు, కొత్త బద్దలు పెట్టినాడు.
"ఇంకో పదైదు."

బస్టాండులో ఆయన ఎడమచేత్తో చెనక్కాయలు ఒలిచి
నాకు పెడతా ఉండాడు, సగం కింద పడతా ఉండాయి.
ఫీజు తేదీ నిన్నటితో అయిపోయింది.
కెజియాకు ఏం చెప్పల్లో ఇంకా తెలియలే.
బస్సు రాలే.
దురదగా ఉండాది ప్రభువా.
చెయ్యి పెట్టడం లేదు, చూస్కో.