మోచేతి మడత

జీడిపిక్కలు ఒలిచే చేతులు నావి.
పన్నెండేళ్లు కాశీబుగ్గలో పిక్క నూనె తాగి
వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి.
రేషన్ డిపోలో వేలిముద్ర మిషను
నన్నెవరో అనుకుని ఎర్రలైటు వేస్తుంది.
ఇక గుంటడి నుదుటి మీద చెయ్యేసి
నేనేం చెప్పగలను?

అందుకే మోచేతి మడత ఆనిస్తాను.
అక్కడికింకా నూనె ఎక్కలేదు.

ఇంట్లో ఒకప్పుడు గాజు ధర్మామీటరు ఉండేది.
మా అత్త దాన్ని విదిలించే తీరు చూడాలి,
చింతబరిక ఝాడించినట్టు.
బల్బు కింద తిప్పి తిప్పి
పాదరసం గీత దొరికేసరికి
జ్వరం సగం దిగిపోయేది.
ఓ రోజు అలా విదిలిస్తూనే గోడకి కొట్టింది.
తెల్లవార్లూ టార్చి పట్టుకుని
గచ్చు పగుళ్లలోంచి, కాయితం ముక్కతో
ఆ వెండి పూసలు ఏరాను.
ఒకటి ఇంకా దొరకలేదు.

అంగన్‌వాడీలో ఉన్నది తుపాకీ లాంటిది.
లోలాక్షి టీచరు నుదుటికి గురిపెట్టి నొక్కుతుంది.
ఫ్యాను కింద అందరూ తొంభై ఐదు,
ఎండలోంచి వస్తే అందరికీ జ్వరమే.
తుపాకీ పెడితే నిజం ఎవరు చెప్తారు మరి!

పారినాయుడు మందుల షాపులో
చెవిలో పెట్టేది కూడా చూపించాడు, పద్దెనిమిది వందలు.
"సెకనులో సెప్పేస్తదమ్మా."
సెకను అంత ఖరీదని నాకు తెలీదు.
నా కూలి కిలోల లెక్క.
చంకలో పెట్టే ప్లాస్టిక్ పుల్లయితే నూట అరవై.
మోచెయ్యుంది కదా అని
అదీ కొనకుండా వచ్చేశాను.

మొన్న శ్రావణం ముసురులో
రాత్రంతా పిల్లడు మూలుగుతున్నాడు.
మోచెయ్యి ఆనించాను. ఏమీ లేదు.
మళ్లీ ఆనించాను. మామూలుగానే ఉన్నాడు.
నాకే చలిగా ఉంటే దుప్పటి లాక్కున్నాను.
పొద్దున్నే పక్కింటి దమయంతి
పాలగిన్నె కోసం వచ్చి
ఇద్దరి నుదుళ్లూ ముట్టుకుంది.
"ఒలమ్మో! ఇద్దరూ పెనం మీదున్నారే!"
ఆస్పత్రిలో వాడికి నూట మూడు.
నాకు రెండు పాయింట్లు తక్కువ.

వేడి వేడిని కనిపెట్టలేదు.
అన్నేళ్లు నమ్మిన మోచెయ్యి
నా జ్వరాన్ని నాకు చెప్పకుండా
వాడి జ్వరాన్ని కూడా దాచేసింది.

ఇప్పుడా నూట అరవై రూపాయల పుల్ల
గూట్లో ఉప్పుడబ్బా పక్కన ఉంటుంది.
వాడి చంకలో పెట్టి, కూసేదాకా కదలనివ్వను.
చూసి, ఇంకాస్త ఎక్కువే ఉంటుందనుకుని
మోచెయ్యి కూడా ఆనిస్తాను, అలవాటు పోదు.
తర్వాత వాడే పుల్ల లాక్కుని
నా చంకలో దూర్చి
నోటి మీద వేలేసుకుని కూర్చుంటాడు.

"అమ్మా, కూసీసినావు!"