జీరో టికెట్

దేవరకొండ డిపో బస్సు
మా తండా మలుపు కాడ ఆగంగనే
జీవన్‌గాడు చూసేది మెట్టు కాదు, సీటు కాదు,
కండక్టరమ్మ మెడల వేలాడే మిషను.

అది కిర్రుమంటది. నాలుక బయటవెడ్తది.
ఆ నాలుక మీద నా వంతు సున్న రూపాయలు.
వీనికి రెండు నిండి ఎనిమిది నెల్లు, టికెట్టే లేదు.
అయినా ఆ కాయితం వీనిదే.
కండ్ల ముంగట వెట్టుకొని అటు తిప్పి, ఇటు తిప్పి
కొండమల్లేపల్లి దాకా ఏడుపుండది.

మొదలు చెప్పింది అంగన్‌వాడి టీచరు.
"పదిసార్లు పిలిచిన జమునా, ఒక్కపారి తిరగలే."
నేను ఆమెతోని కొట్లాడిన.
చెవుడేమో అని చెవులు చూపిచ్చినం,
చెవులు మంచిగున్నయి.
పక్కింట్ల బిస్కెట్ పొట్లం చింపితే ఉరికొస్తడు,
నేను పేరు వెట్టి పిలిస్తే గోడకు చెప్పినట్టు.
మా అత్త మెడల తాయెత్తు కట్టింది.
వాడు దాన్ని సుత తిప్పుకుంట కూసున్నడు.

నల్లగొండ పెద్ద దవాఖానల వెనకదిక్కు ఒక అర్ర.
నీలం చాప, మూలకు పగిలిన అద్దం,
టబ్బు నిండ జొన్నలు.
హేమలత మేడం కుర్చీ ఉన్నా కిందనే కూసుంటది.
మందేమన్న రాస్తదనుకున్న.
రాయలే.
"వాడు చూసేదాన్ని నువ్వు చూడు" అన్నది.
"వాని కోసం నువ్వు మాట్లాడకు.
ఇచ్చేదేదో చేతిల వట్టుకో.
అయిదు దాకా లెక్కవెట్టు."

అయిదంటే ఎంత పొడుగో
నాకు గప్పుడు తెల్వది.

ఏ భాషల మాట్లాడాలె మేడం, అనడిగిన.
ఇంట్ల మాది లంబాడి, ఈడ తెలుగు,
రెండైతే పోరడు ఆగమైతడని
మా పక్కూరి ఆర్‌ఎంపీ అన్నడు.
మేడం నవ్వింది.
"కోపమొస్తే ఏ భాషల తిడ్తవు,
ముద్దొస్తే ఏ భాషల పిలుస్తవు, గదే."
ఆ దినం బస్సుల వాని చెవుల
మార్ బేటా, మార్ బేటా అనుకుంట వచ్చిన.
చాన దినాలాయె నేనట్ల పిలువక.
పరీక్ష వెట్టినట్టు పిలుస్తుంటి.

పత్తి ఏరే కాలం. వారానికి మూడు దినాలు కూలి పాయె.
మేస్త్రీ, రాకుంటే వేరేటోళ్లను పెట్టుకుంటనన్నడు.
పెట్టుకో అన్న. రాత్రి నిద్ర పట్టలే.

పట్నంల సెంట్రింగ్ పనికి వోయిన మా ఆయన
పొద్దుగూకంగ ఫోన్ జేస్తడు.
"మాట్లాడిండా?"
దినాం గదే మాట.
లేదు గని, గిన్నె తెచ్చి నా ఒడిల వెట్టిండు, అంటే
"అది మాటనా?" అంటడు.
మాట కంటె ముందు పుట్టిన అక్క అది, అంటె
సమజ్ గాదు ఆయనకు.
నాకు సుత మొన్నటిదాక గాలే.

బేస్తారం. బస్సుల కాలు వెట్టే సందు లేదు.
కండక్టర్ మంగతాయి టికెట్ చింపింది,
నాకియ్యలే.
వాని ముంగట వట్టుకొని నిలవడ్డది,
అయిదు సంగతి నేనే చెప్పిన ఆమెకు ఎన్నడో.
నా చేతులు ఒడిల దాచుకున్న.
ఒకటి.
బత్తాయి గంపామె "పైసలు తీస్కో తల్లీ" అని మొత్తుకుంటున్నది.
రెండు.
వాడు కాయితం దిక్కు చూసిండు.
మూడు.
నాలుగు, నా పానం పెదవుల మీదికొచ్చింది,
నేనే అందుకొని ఇద్దామా.
అయిదు.
ఏం గాలే.
మంగతాయి కదల్లే. లెక్క తప్పిందేమో ఆమెకు.
ఆరో ఏడో అయినంక
వాని కండ్లు కాయితం మీదికెల్లి పైకి పాకినయి,
ఆమె గడ్డం, ముక్కుపుల్ల, కండ్లు.
చెయ్యి చాపిండు.

తీస్కొని, ఊకోలే.
తెచ్చి నా చేతుల వెట్టిండు.
నేను ఆగి, మల్ల వానికిచ్చిన.
వాడు నాకు.
కనగల్ దాక గిదే యాపారం.
చెమటకు ఆ టికెట్ మెత్తవడ్డది,
సున్న సగం చెరిగిపోయింది.

నోరు తెర్వలే. ఇంక తెర్వలే.
చెప్పుల చప్పుడుకు చెవులు మూసుకుంటనే ఉన్నడు,
తెల్లన్నం తప్ప ముట్టడు.

పొద్దుగూకింది. ఫోన్ మోగింది.
"మాట్లాడిండా?"
నేను జవాబియ్యలే.
ఆయనతోని సుత లెక్కవెట్టిన,
ఒకటి, రెండు.
అవుతల కాంక్రీట్ మిల్లర్ తిరుగుతున్నది.
ఆయన ఫోన్ పెట్టెయ్యలే.