నారింజ పట్టీ

మెట్ల కింద గదిలో మూడు మెషీన్లు.
మొదటిదాంట్లో మేం రాస్తాం, చెరుపుతాం.
మూడోదాంట్లో యూనివర్సిటీ ఉంటుంది:
ఫీజులు, మార్కులు, సెలవుల జాబితా, లోకం చూసేదంతా.
మధ్యదాన్ని నిలబెట్టడానికే
పూంతా అరేనాస్‌లో ఆ డిసెంబరంతా పోయింది నాకు.

"అచ్చం అలాంటిదే ఇంకొకటి దేనికి?" అంది మిర్నా.
రోడ్డు ఎత్తున మాకో చేటంత కిటికీ,
అందులోంచి జనం కాళ్లే కనిపిస్తాయి.
జలసంధి మీంచి గాలి లేచిన రోజు
కూడలిలో స్తంభానికీ స్తంభానికీ తాళ్లు కడతారు.
ఎవరివో ముసలి కాళ్లు
ఒక్కో అడుగూ నేలని అడిగి వేస్తున్నాయి.
"అందుకు," అన్నాను.
తను నమ్మలేదు.
టోపీ పోగొట్టుకున్నవాళ్లే నమ్ముతారు.

అసలు డేటాబేస్ జోలికి పోవద్దన్నాడు బ్రౌలియో,
పిల్లల వివరాలవి, మన సొత్తు కాదు.
అందుకని మనుషుల్ని నేనే కన్నాను,
రోజుకి నలభై మందిని.
ఇంటిపేరే లేనివాడొకడు.
నాలుగు ఇంటిపేర్లతో గడిలో పట్టనిదొకతె.
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టినవాడు.
పేరు మధ్యలో కామా పైకెక్కి వేలాడే ఐరిష్ మనవడు.
పుట్టకముందే డిగ్రీ పుచ్చుకున్న పిల్ల!
ఆమెని ఎవరో ఒకరు ఆపాలి, ఎవరూ ఆపలేదు,
మూడు రోజులు ఆమెతోనే సరిపోయింది.

పేజీ నెత్తిన నారింజ పట్టీ కట్టాను:
ఇది పరీక్ష. ఇక్కడ ఏదీ నిజం కాదు.
ఆ పట్టీ కింద అందరూ ధైర్యవంతులే.
ఒక మధ్యాహ్నం మిర్నా
వైద్య కళాశాల మొత్తాన్ని తీసి పారేసి,
మాతే తాగొచ్చి, మళ్లీ పెట్టింది.

ఒక్కటి మరిచాను.
ఉత్తరాలు బయటికి పోయే తలుపు మూయలేదు.
నేను కల్పించిన చిరునామాల్లో ఒకటి
కల్పన కాదు.

మంగళవారం వచ్చాడు ఒనోఫ్రె బార్రియా.
ఇస్త్రీ చేసిన కోటు, నీళ్లతో అణచిన జుట్టు,
ప్లాస్టిక్ సంచిలో జనన పత్రం, రెండు ఫోటోలు,
నాలుగు మడతల్లో మా ఉత్తరం:
అభినందనలు, సముద్ర జీవశాస్త్రంలో మీకు సీటు వచ్చింది.
నేను అడగలేదే అనుకున్నాడట ముందు.
తర్వాత, మనవరాలు అడిగిందేమో అనుకున్నాడట.
ముప్పై ఏళ్లు పీతల పడవ మీద పని.
కడుపున గుడ్లున్నవాటిని వెనక్కి వదిలేవాళ్లట.
"అవి ఎంత లోతుకి పోతాయో
ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

బ్రౌలియో ఫోన్లో ఏదో వెతుక్కున్నాడు.
తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడి,
ఆయన్ని మధ్య మెషీను ముందు కూర్చోబెట్టాను.
తెర మీద ఒనోఫ్రె బార్రియా, అరవై రెండేళ్లు,
హాజరు తొంభై మూడు శాతం.
మార్కులు నేను వేసినవే. బాగానే వేశాను.
చాలాసేపు చదువుకున్నాడు.
నారింజ పట్టీ ఆఖర్న చదివాడు, పెదవులు కదుపుతూ.

"అంటే వీడు తప్పినా ఎవరికీ నష్టం లేదు?"
"లేదు."
"ఫీజు?"
"లేదు."
"మరి అసల్దాంట్లో గడువెప్పటిదాకా?"

శుక్రవారం దాకా.
నేను నింపుతానంటే వద్దన్నాడు.
ఒక్కో అక్షరాన్నీ ఒకే వేలితో, గాలం వేసినట్టు.
పుట్టిన సంవత్సరం దగ్గర ఆగాడు.
డెబ్బైకి ముందు మా జాబితాలో సంవత్సరాల్లేవు.
నేను కన్నవాళ్లందర్నీ
పెరటి తలుపులోంచి లోపలికి తోశాను,
ఫారం గుమ్మం ఒక్కడితోనూ దాటించలేదు.

ఆ రాత్రి మధ్యదాంట్లో సరిచేసి
నూట పదేళ్లవాణ్ని కూడా గుమ్మంలోంచి నడిపించి చూశాను.
పరీక్షలోని ఒనోఫ్రెని చెరపలేదు,
ఈమెయిలు మాత్రం తీసేశాను.

గురువారం మళ్లీ గాలి.
కిటికీలో రెండు బూట్లు, తాడు పక్కనే,
ఆగుతూ, నేలని అడుగుతూ.