మూడో ఓటు

క్లాక్స్‌విక్ రేవులో, చేపల వేలంశాల వెనక,
వలలు ఆరేసే గదికీ ఐసు గదికీ నడుమ
ఒక ఇరుకు గది. ఎంత కడిగినా ఉప్పువాసన వదలదు.
అందులో రెండు సర్వర్లు.
పేర్లు పెట్టమంటే మా దీవుల పిట్టల పేర్లు పెట్టాను,
లుంది, తెర్నా.
తక్కెడ లెక్క, వేలం పాట, ఐసు గది చలి
అన్నీ లుంది మీదే నడుస్తాయి.
లుంది పడిపోతే తెర్నా అందుకోవాలి.
అదీ నాకిచ్చిన పని. కాగితం మీదైతే ఒక్క బాణం గీత.

రెండే ఉంటే ఎలా కుదురుతుంది?
మధ్యలో తీగ తెగిందనుకో,
అది చచ్చిందని ఇదనుకుంటుంది,
ఇది చచ్చిందని అదనుకుంటుంది,
ఒకే తక్కెడని రెండూ పట్టుకుని
ఎవరి లెక్క వాళ్ళు రాసుకుంటూ పోతారు.
గొర్రెల మేతకి కొట్టుకున్న అన్నదమ్ములైనా కలుస్తారు గానీ
ఆ లెక్కలు మళ్ళీ అతకవు.

అందుకని మూడో ఓటు.
అరచేతిలో పట్టే చవక పెట్టె,
కాఫీ మిషను వెనక మేకుకి తగిలించాను.
దానికి చేపలు తెలీవు, ధరలు తెలీవు,
అడిగినప్పుడు "ఉన్నాను" అనడమే దాని ఉద్యోగం.
తిత్లింగ్ అని పిలుస్తాను,
ఎవరూ తలెత్తి చూడని గోధుమరంగు పిట్ట.

కాపలా ఎయ్విన్ తలుపుకి ఆనుకుని అడిగాడు:
"ఎంతసేపు చూసి చచ్చిందని తేలుస్తావు, రన్వా?"
ఒక నిమిషం, అన్నాను.
ఉలుకూ పలుకూ లేకపోతే
ముందు అది తనని తానే ఆర్పేసుకోవాలి,
సగం ప్రాణంతో తిరిగొచ్చి గొడవ చెయ్యకుండా.
ఆ తర్వాతే రెండోది పనిలోకి దిగుతుంది.

"ఒక నిమిషం," అన్నాడు.
"మా నాన్న పడవ విషయంలో
మా అమ్మ పదకొండేళ్ళు ఒప్పుకోలేదు."

స్క్రూడ్రైవర్ కోసం అటూ ఇటూ వెతికాను.
అది నా చేతిలోనే ఉంది.

మొదటి రాత్రి లుంది తీగ పీకాను.
ఫాన్లు నిట్టూర్చి ఆగాయి.
నిమిషం. ఒకటిన్నర.
తెర్నా మీద తక్కెడ లేవబోయింది, కూలబడింది,
మళ్ళీ లేవబోయింది, మళ్ళీ.
గంటన్నర వెతికితే దొరికింది కారణం:
ఎప్పుడో ఏప్రిల్లో ఇన్‌స్టాల్ చేసి
తియ్యడం మరిచిన సీడీ ఫైలు
దాని నోట్లో ఇంకా అలాగే ఉంది.
ఆ ఫైలు లుంది దగ్గరే ఉంది, తెర్నా దగ్గర లేదు.
ఇల్లు మారినవాడు
పాత ఇంటి తాళంచెవి కనబడలేదని
కొత్త గుమ్మంలో ఆగిపోయినట్టు.
తీసేశాను. ఏప్రిల్లో ఉన్న నన్ను బాగా తిట్టాను.

మర్నాడు ఎయ్విన్ ఒప్పుకోలేదు.
"ఖాళీ తక్కెడతో పరీక్షేమిటి?
నిద్రపోయేవాణ్ణి దొంగ వచ్చాడా అని అడిగినట్టు."
అప్పుడే ఒడ్డుకొచ్చిన చిన్న పడవ నుంచి
కాడ్ చేపల పెట్టెలు ఈడ్చుకొచ్చాడు,
ఒక్కొక్కటీ ఎత్తిపెట్టి తూచాడు.
ఏడో పెట్టె తూగాక పీకాను.

తెర నల్లబడింది.
బయట గాలి రేకుల మీద చరుస్తోంది.
కాఫీ మిషను వెనక పచ్చదీపం
ఒకసారి రెప్ప వేసింది.
రెండు నిమిషాల పది సెకన్లకి
తక్కెడ మళ్ళీ వెలిగింది, తెర్నా ఒడిలో, ఏమీ జరగనట్టు.
నేను ఎగిరాను, నిజంగానే,
నేల మీది ఐసుకి జారాను కూడా.

ఎయ్విన్ తెరకి ముక్కు ఆనించి చూశాడు.
"మూడే ఉన్నాయి."

అవును. నకలు పావుగంటకోసారే వెళ్తుంది.
ఆఖరి నాలుగు పెట్టెలు ఆ సందులో జారిపోయాయి.
వివరించబోయాను.
ఆయన చెవి వెనక పెన్సిల్ సర్దుకుని
కోటు జేబులోంచి తడికి ఉబ్బిన పుస్తకం తీశాడు.
"ఇరవై మూడు కిలోల నాలుగొందలు.
ఇరవై రెండు, తొమ్మిదొందలు..."
నేను టైపు చేశాను.

నకలు గడువు అయిదు నిమిషాలకి దించుతూ
ఎప్పట్నుంచి రాస్తున్నారని అడిగాను.

"నువ్వు వచ్చిన రోజు నుంచి."