ఇరవయ్యారో తారీఖు

మిల్లు సేటు ఈసారి సగం బోనసే చేతిల పెట్టిండు.
తడిసిన వడ్లు, పడిన రేటు
ఆయన చెప్పుకునేవి ఆయనకుంటయి.
జక్కయ్య నోట్లు నా ముందర బెట్టి
అంగీ ఇడిసి గోడకు తగిలేసిండు, ఏం మాట్లాడలే.
భుజం మీద బస్తా గీతలు ఎర్రగున్నయి.

నిరుడు చేసిన వెదురు నక్షత్రం
అటుక మీదికెల్లి దించితే
ఒక కొమ్మును ఎలుక కొరికింది.
చిన్నోడు ఏలీషా ఏదో పెండ్లి పత్రిక చింపి అతికిచ్చిండు.
బల్బు వెయ్యంగనే
ఆ కొమ్ముల ‘శుభలేఖ’ అని తిరగవడి కనవడ్డది.
ఎవరి పెండ్లో ఏమో
మా గుమ్మం మీద నాలుగు రాత్రులు వెలిగింది.

మేక పోగుల సగం పోగు మాది, సగం సంతోషమ్మది.
సగం పోగుకు తలకాయ రాదు, కాళ్ళు రావు,
బొక్కలు మాత్రం అడగకున్నా వస్తయి.
మెత్తటిది కూరకు తీసి
బొక్కలు శనగపప్పుల వేసి, సొరకాయ తరిగి
దాల్చ చేసిన.
కొత్త బట్టలు చిన్నోనికొక్కనికే.
ఉతికి ఇస్త్రీ చేసినంక
మావి గూడ మమ్మల్ని కొత్తగనే చూసినయి.

క్యారల్సు పిల్లలు రాత్రి ఒంటిగంటకొచ్చిన్రు,
ఇరవై ఇద్దరు, ఒక గిటారు, రెండు కంజీరలు.
ఇంట్ల పాలు అర లీటరు.
అల్లం దండిగ దంచి వేసిన.
ఆ ఘాటుకు కండ్లు తుడుసుకున్నరే గాని
పాల సంగతి ఎవరూ అడగలే.

పెద్దది రిబ్కా సాగర్ రోడ్డు బేకరీల పనిచేస్తది.
కేకుల అంచులు కోసి కుప్పవోస్తే
ఓనరు కిలో నలభైకి ఇస్తడు.
మూడు రంగుల ముక్కలు గిన్నెల ఒత్తి బోర్లిస్తే
గుండ్రంగ లేచి నిలవడ్డది.
కోసిన బిడ్డే మళ్ల కలిపింది,
దానికంటె కేకు ఎవరికెరుక?

గుడిల అయ్యగారు
ఐదు రొట్టెలు, రెండు చేపల కత చెప్పిండు.
అందరు తిన్నంక పన్నెండు గంపలు మిగిలినయట.
అందరు స్తోత్రం అన్నరు. నేనూ అన్న.
నోట్ల స్తోత్రమే ఉన్నది గాని
మనసుల ఒకటే ఆలోచన:
ఆ గంపలు తెల్లారి ఎవరింటికి పోయినయి?
ఎవరు ఎండవెట్టిన్రు, ఎవరు తాలింపు వేసిన్రు?
ఆ ఆడమనిషి పేరు అయ్యగారికి తెల్వది.

తెల్లారింది.
నాకు పండుగ ఇప్పుడు మొదలు.
బగారన్నంల ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపు.
బొక్కలు మళ్ల పొయ్యి మీద, ఈసారి మిరియాల చారుకు.
గట్టివడ్డ గారెలు ఆ చారుల పడి మెత్తవడ్డయి.
మిగిలిన చపాతీలు పెంకు తునకలోలె ఉంటె
రోట్లె వేసి పొడి చేసి
బెల్లం, చారెడు పుట్నాలు, ఇంత నెయ్యి
మలీద ముద్దలు వట్టిన.

పొద్దుమీకి జక్కయ్య ఇద్దరు పిలగాండ్లను తోలుకొచ్చిండు.
బీహారోళ్ళు, మిల్లుల బస్తాలు మోస్తరు.
నిన్న పిలుద్దామనుకున్నడట,
మా సగం పోగు యాదికొచ్చి ఊకున్నడట.
సన్నటోని పేరు మున్నా.
తెలుగు ముక్క రాదు, తలకాయ వంచుకొని కూసున్నడు.
పల్లెంల ముద్ద వెడితే వాసన చూసి
“మలీదా!” అన్నడు.
నేను చెప్పనేలేదు. వాడే అన్నడు.
మళ్ల ఒకసారి అన్నడు, ఈసారి మెల్లగ,
వాళ్ళమ్మను పిలిచినట్టు.
ఆ మాట మాదో వాళ్ళదో నాకెరుక లేదు.
చిన్నోడైతే
“అమ్మా, వీనికి తెలుగొస్తది!” అని ఎగిరిండు.

రూముల ఇంకా తొమ్మిది మందున్నరట.
స్టీలు డబ్బల నింపిన. అద్దిన. మళ్ల నింపిన.
మూత పట్టలే.
బేకరీ కవరు కప్పి, రబ్బరు బెట్టి ఇచ్చిన.

నెలయింది, డబ్బ తిరిగి రాలే.
మూత మాత్రం గూట్ల ఉంది.
పొద్దున చిల్లర వెతుకుతాంటె
చేతికి తగుల్తది.